మూడు పేర్లు, ఒకటే పుట్టగొడుగు

తెల్లటి బటన్ మష్రూమ్, గోధుమరంగు క్రెమినీ, అరచెయ్యంత పోర్టోబెల్లో అని మూడు పేర్లతో అమ్ముతారు గానీ మూడూ ఒకే జాతి, అగారికస్ బైస్పోరస్. క్రెమినీని కోయకుండా ఇంకొన్నాళ్లు వదిలేస్తే గొడుగు విచ్చుకుని పోర్టోబెల్లో అవుతుంది, అంతే. ఆ తెలుపు కూడా మొదట్నుంచీ ఉన్నది కాదు, 1920లలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో గోధుమరంగు వాటి మధ్య అనుకోకుండా మొలిచింది. చూడ్డానికి శుభ్రంగా ఉందని దాన్నే పెంచుకుంటూ పోయారు.

తర్వాత 1980ల మొదట్లో నెదర్లాండ్స్‌లోని హోర్స్ట్ అనే ఊళ్లో గెర్డా ఫ్రిట్షే తయారుచేసిన యూ1 అనే హైబ్రిడ్ బయటికొచ్చింది. దిగుబడి బాగుండడంతో ఇప్పటి తెల్ల రకాల్లో చాలావరకు దానికి నకళ్లో, దగ్గరి చుట్టాలో అయిపోయాయి. ఎందుకంటే ఇక్కడ విత్తనం నాటడం అంటూ ఉండదు, ఉడికించిన గింజల మీద పాకించిన బూజుపోగుల్నే (దాన్నే స్పాన్ అంటారు) కొత్త మడిలో కలుపుతారు. ఒక రకంగా కొమ్మ విరిచి నాటినట్టే.

పోనీ స్పోర్ల (పుట్టగొడుగు విత్తనాల్లాంటి సూక్ష్మకణాల) నుంచి పెంచితే వైవిధ్యం రాదా అంటే, అక్కడే అసలు తిరకాసు. గొడుగు కింది మడతల్ని మైక్రోస్కోపులో చూస్తే గద లాంటి చిన్న కణాలు కనిపిస్తాయి. చాలా పుట్టగొడుగుల్లో ఒక్కో గద మీద నాలుగు స్పోర్లుంటాయి, ఇందులో మాత్రం రెండే, బైస్పోరస్ అంటే అర్థం కూడా అదే. నాలుగు కేంద్రకాలు రెండు స్పోర్లలోకి సర్దుకోవాలి కాబట్టి ఒక్కోదాంట్లో జంటగా దూరతాయి, దాంతో చాలా స్పోర్లకి బయట జోడీ వెతుక్కోవాల్సిన పనే ఉండదు. పైగా జన్యువుల మార్పిడి ఎక్కువగా క్రోమోజోముల కొసల్లోనే జరుగుతుంది, అందుకే పిల్ల దాదాపు తల్లిలాగే వస్తుంది. కొత్త రకం కావాలంటే ఒకే కేంద్రకం ఉన్న అరుదైన స్పోర్లని ఏరుకోవాలి, అది మహా విసుగు పని.

ఈ ఏకరూపానికి మూల్యం రోగాల దగ్గర తెలుస్తుంది. 1948లో పెన్సిల్వేనియాలోనే బయటపడ్డ లా ఫ్రాన్స్ జబ్బు వైరస్ వల్ల వస్తుంది. ఒకే రకం పోగులు ఒకదానికొకటి తగిలితే ఇట్టే అతుక్కుపోతాయి, వైరస్ ఆ దారినే పాకుతుంది. అగారికస్ బైటార్క్విస్ అనే మరో జాతి పోగులు వీటితో అతుక్కోవు కాబట్టి కొందరు పంటకీ పంటకీ మధ్యలో దాన్ని పెంచి ఆ గొలుసు తెంపారు.

1990లలో కాలిఫోర్నియాలోని సొనోరన్ ఎడారిలో ఇదే జాతికి చెందిన అడవి రకం దొరికింది, ఎడారిలో పుట్టగొడుగేమిటో! దానికి గద మీద నాలుగు స్పోర్లు, ఆ గుణం పిల్లలకీ వస్తుంది గనక సంకరం తేలికైంది. కాకపోతే గోధుమరంగు ముందు తెలుపు ఓడిపోతుంది. అడవి రకంతో కలిపితే మొదటి తరమంతా గోధుమరంగే, మళ్లీ తెలుపు రావాలంటే తెల్లవాటితో ఇంకో విడత కలపాల్సిందే.