మిరియం వెయ్యని మిరియాల టీ

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. "మిరియాలు వెయ్యకుండా టీకి మిరియాల ఘాటు ఎలా వస్తుంది పెద్దమ్మా?" అని మీలో ఒకరు అడిగారు. అడిగినవాళ్లకే కాకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ టీ పేరు డియాన్‌హాంగ్. చైనాకు నైరుతి మూలన, మయన్మార్‌ను ఆనుకుని యున్నాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి టీ అది. మన మసాలా టీలోలాగా అందులో అల్లం, యాలకులు, దాల్చినచెక్క ఏవీ పడవు. చైనాలోనే ఫుజియన్ రాష్ట్రంలో లాప్సాంగ్ సూచాంగ్ అని ఇంకో టీ ఉంది. దానికి పైన్ చెట్టు కట్టెల పొగ పట్టిస్తారు కాబట్టి పొగ వాసన వస్తుంది. డియాన్‌హాంగ్‌కు ఆ పొగ కూడా అక్కర్లేదు. ఉన్నదంతా ఆకులోదే.

దీని వెనక ఒక యుద్ధం కథ ఉంది. 1938 నాటికి జపాన్ సైన్యం చైనా తూర్పు ప్రాంతాల్లోకి చొచ్చుకొచ్చింది. విదేశాలకు వెళ్లే బ్లాక్ టీ (పాలు లేని టీ అని కాదు, ఆకు నల్లబడేలా తయారుచేసిన టీ) ఎక్కువగా ఆ వైపు నుంచే వచ్చేది. టీ ఆగితే దేశానికి వచ్చే విదేశీ డబ్బూ ఆగిపోతుంది. అప్పుడు ఫెంగ్ షావోచియు అనే టీ నిపుణుణ్ణి యున్నాన్‌కు పంపారు. ఆయన అప్పటికే అన్హుయ్ రాష్ట్రంలోని కీమున్ టీ తయారీలో చెయ్యి తిరిగినవాడు. షున్నింగ్ అనే ఊళ్లో అక్కడి పెద్దాకు టీని బ్లాక్ టీగా చేసి చూశాడు. మరుసటి ఏడాదికల్లా, అంటే 1939లో, అక్కడ ఫ్యాక్టరీ మొదలైంది, సరుకు హాంకాంగ్ మీదుగా లండన్‌కు వెళ్లింది. ఆ షున్నింగ్‌నే ఇప్పుడు ఫెంగ్‌చింగ్ అంటున్నారు. ఈ టీకి పేరున్న ఊరు ఇప్పటికీ అదే.

మీకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి. ఆ పెద్దాకు మొక్కా, మన అస్సాం టీ మొక్కా ఒకే రకం. మరి మనింటి టీ పొడి అలా ఎందుకుండదు? చేసే పద్ధతి వేరు. మన టీ పొడిలో ఎక్కువ భాగం సీటీసీ యంత్రంలో నలిగి, చిరిగి, గుండ్రటి రవ్వలా మారినది. పాలల్లో మరిగించినా చిక్కగా, స్ట్రాంగ్‌గా దిగాలని అలా చేస్తారు. డియాన్‌హాంగ్‌లో ఆకును వాడబెట్టి, చిదిమిపోకుండా నులిమి, గాలి తగలనిచ్చి, తర్వాత ఆరబెడతారు. నులిమినప్పుడు ఆకులోని రసం గాలితో కలిసి రంగు మారుతుంది. అప్పటిదాకా చక్కెరలతో ముడిపడి ఉన్న పరిమళ పదార్థాలు కూడా అప్పుడే విడుదలవుతాయి. వాటిలో లినలూల్ ఒకటి. ధనియాల నూనెలో ముఖ్యమైన పదార్థం కూడా అదే! ఇలాంటివి వందల రకాలు కలిస్తే ఆ వాసన.

ఇక ఘాటు సంగతి. మిరియంలో పైపరిన్, మిరపకాయలో క్యాప్సైసిన్ ఉంటాయి. నోరు మండించేవి అవే. టీలో అవి రెండూ లేవు. మనకు మిరియంలా అనిపించేది సగం వాసన, సగం నాలుకను బిగపట్టే వగరు. నమ్మకపోతే ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క నోట్లో పట్టండి. వగరూ చేదూ మాత్రం తెలుస్తాయి. ఇప్పుడు మింగుతూ ముక్కు వదలండి. గొంతు వెనక నుంచి ఒక్కసారిగా వాసన పైకి లేస్తుంది. జలుబు చేసినప్పుడు చారు చప్పగా ఎందుకుంటుందో కూడా అప్పుడే అర్థమవుతుంది.

కాచడం అనకూడదేమో, నానబెట్టడం అనాలి. దీన్ని పొయ్యి మీద మరిగిస్తే నాకు కోపమొస్తుంది. ముందు ఆకు చూడండి. నల్లటి మెలికల మధ్య బంగారు రంగు నూగున్న మొగ్గలు కనిపిస్తాయి. కప్పును వేడినీళ్లతో తొలిపి పారబోసి, ఆ వేడి కప్పులో పొడి ఆకు వేసి, మూత పెట్టి రెండుసార్లు కదిపి, మూత తీసి వాసన చూడండి. నాకైతే టీ మొత్తంలో ఇదే ఇష్టమైన ఘట్టం. కాల్చిన చిలగడదుంప, కోకో, ఆ వెనక సన్నగా మిరియం.

200 మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాముల ఆకు. మొగ్గలు తేలిక కాబట్టి చెంచా లెక్క మోసం చేస్తుంది, తూకం చూసుకోండి. నీళ్లు మరిగాక కాస్త ఆగి, 90 డిగ్రీల దగ్గర పోసి, మూత పెట్టి 3 నిమిషాలు ఉంచి, పూర్తిగా వడకట్టండి. అదే ఆకుకు మళ్లీ నీళ్లు పోసి ఇంకాస్త ఎక్కువసేపు ఉంచితే రెండో కప్పు వస్తుంది. చైనావాళ్లు మూత ఉన్న చిన్న గిన్నెలో 5 గ్రాములు వేసి, పది పదిహేను సెకన్లకోసారి వంచుకుంటూ, ఒకే ఆకుతో ఆరేడు సార్లు తాగుతారు. టీ రుచి పోల్చి చూడటానికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది లెండి, ఐఎస్‌ఓ 3103. అందులో మరిగే నీళ్లు పోసి 6 నిమిషాలు ఉంచమంటారు. అది తప్పులు పట్టుకోవడానికి, మనం తాగేది సరదాకి.

బోరు నీళ్లు వాడకండి. నీళ్లలో సున్నం ఎక్కువైతే టీ మీద తెట్టులా పొర కడుతుంది, రుచి మొద్దుబారుతుంది. పాలూ వద్దు. పాలలోని కేసిన్ టీలోని వగరును పట్టేసుకుంటుంది, వగరు పోతే ఆ ఘాటులో సగం పోయినట్టే. ఇంట్లో పొద్దున తాగే పాల టీని నేనేమీ అనడం లేదు, దాని దారి దానిది.

తాగేటప్పుడు చప్పుడు చేస్తూ జుర్రండి. టీ రుచి చూసే ఉద్యోగస్తులందరూ అలాగే జుర్రుతారు. గాలితో కలిస్తే వాసన ముక్కుకు బాగా అందుతుంది. అమ్మ కసిరితే నా పేరు చెప్పండి. కానీ ఇందులోనూ కెఫీన్ ఉంటుంది, చిన్నవాళ్లు రెండు గుక్కలతో ఆపాలి, రాత్రిపూట అసలు వద్దు.

ప్రతి డియాన్‌హాంగ్‌లోనూ మిరియం దొరకదు. కొన్ని తేనెలా తియ్యగా ఉండి ఊరుకుంటాయి. ఏ తోట, ఏ కాలంలో కోశారు, ఎవరు చేశారు అన్నదాన్ని బట్టి మారుతుంది. మీకేం తగిలిందో నాకు రాయండి, నేను చెప్పిందే తగలాలని లేదు.

డబ్బా మూత బిగించి, పోపుల పెట్టెకు దూరంగా పెట్టండి. ఎండిన టీ ఆకు పక్కనున్న వాసనలన్నీ పీల్చేసుకుంటుంది. ఇంగువ పక్కన పెట్టారో, యున్నాన్ టీలో ఇంగువ కూడా ఉందని నాకు ఉత్తరం రాస్తారు.

మీ పెద్దమ్మ