బ్రేక్ ఆయిల్ డబ్బా కథ: పెదనాన్న ఉత్తరం

విజయవాడ

పిల్లలూ,

ఆశీస్సులు. హాస్టల్ దగ్గర బండి పక్కకి ఒరిగి పడిందనీ, వెనక బ్రేక్ ఆయిల్ డబ్బా పగిలిందనీ నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. నేనింకా "పోన్లేరా, ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా" అంటుండగానే, అమ్మాయీ, నువ్వు పక్కనుంచి "పెట్రోల్ పైపు ముక్క వేసి ఏదో ఒక డబ్బా కట్టేస్తే పోలేదా పెదనాన్నా" అన్నావు. ఆ మాటకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు.

ఆ పెట్రోల్ పైపు పని నేనూ చేశాను. ఆటోనగర్‌లో షెడ్డు పెట్టిన కొత్తలో ఒకాయన బండికి సరైన పైపు దొరక్క, చేతికందింది వేసి పంపించాను. నెలన్నరకి ఆయన మళ్లీ వచ్చాడు. పైపు నీళ్లలో నానిన అటుకుల్లా ఉబ్బి మెత్తబడింది, లోపలి ఆయిల్ నల్లగా మారింది. పెట్రోల్‌ని తట్టుకునే రబ్బరు వేరు, బ్రేక్ ఆయిల్‌ని తట్టుకునే రబ్బరు వేరు. అందరం ఆయిల్ అంటాం గానీ, అసలు అది ఆయిలే కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. అందులో చుక్క ఇంజిన్ ఆయిల్ పడినా లోపలి రబ్బరు సీళ్లన్నీ పాడవుతాయి.

డబ్బా దేనికో తెలిస్తే బిగించడం తేలిక. మీరు పెడల్ నొక్కగానే మాస్టర్ సిలిండర్‌లో, అంటే పెడల్ దగ్గర ఆయిల్‌ని ముందుకి నెట్టే గొట్టంలో, పిస్టన్ కదిలి, డబ్బావైపున్న సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. అక్కడినుంచి మీ కాలి బలం ఆయిల్ ద్వారా ప్యాడ్లకి, అంటే చక్రం పళ్లేన్ని ఒత్తిపట్టి ఆపే ముక్కలకి వెళ్తుంది. కాలు తీయగానే రంధ్రం తెరుచుకుంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ చక్రం దగ్గరి పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీ నింపడానికి డబ్బాలోంచి ఆయిల్ దిగుతుంది. అందుకే మట్టం తగ్గితే వెంటనే పోసేయొద్దు, ముందు ప్యాడ్లు చూడండి. అరిగిన ప్యాడ్లతో నిండా పోశారనుకోండి, కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్ వెనక్కి నొక్కిన రోజున అదంతా పొంగి బండి మీద పడుతుంది. ప్యాడ్లు బాగానే ఉండి మట్టం తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే.

మూత కింద హార్మోనియం తిత్తిలా మడతలున్న రబ్బరు ముక్క ఉంటుంది. ప్యాకింగ్ అనుకుని పారేసిన మహానుభావులున్నారు! ఆయిల్ దిగేకొద్దీ అది కూడా సాగుతూ కిందికి దిగి, బయటి గాలి ఆయిల్‌కి తగలకుండా చూస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది మరి. బ్రేక్ ఆయిల్ రకాలకి డాట్ అని నంబర్లుంటాయి, అందులో డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది లెక్క. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేక్ వేడెక్కి లోపల ఆవిరి పుట్టిందంటే, పెడల్ నొక్కినా దూదిని తొక్కినట్టే ఉంటుంది. రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే. కొత్తది లేత పసుపు రంగులో ఉంటుంది, డికాక్షన్ రంగుకి వచ్చిందంటే ఆలస్యం చేసినట్టే. మూత మీద ఏ రకం రాసుంటే అదే పోయాలి. డాట్ 5 అనేది సిలికాన్ రకం, దీనితో కలవదు. డాట్ 5.1 మాత్రం పేరుకి దాని తమ్ముడిలా ఉన్నా గ్లైకాల్ రకమే. ఈ పేర్లు పెట్టినవాళ్లెవరో గానీ!

ఇక పని. ముందు మగ్గుతో నీళ్లు పక్కన పెట్టుకుని, కింద పాతగుడ్డలు పరవండి. ఒకసారి ట్యాంకు మీద నాలుగు చుక్కలు పడితే పొడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాను, పొద్దున్నకి పెయింటు పూరీలా పొంగింది. పడగానే నీళ్లు పోసి కడిగేయాలి. డబ్బాలో మిగిలింది సిరంజితో లాగేయండి. పైపు క్లిప్పు పక్కకి జరిపి, పైపుని మెల్లగా తిప్పుతూ తీయండి. గుంజితే కిందున్న ప్లాస్టిక్ మూతి విరుగుతుంది, అప్పుడు ఖర్చు రెండింతలు.

కొత్త డబ్బా పాతది ఉన్నచోటే, నిటారుగా, మాస్టర్ సిలిండర్‌కి పైనే ఉండాలి. ఆయిల్ దానంతటదే కిందికి దిగాలి, గాలిబుడగ పైకి రావాలి. పైపు ఎక్కడా మడతపడకూడదు, సైలెన్సర్‌కి తగలకూడదు. బోల్టు మీద బలం చూపించకు తమ్ముడూ, ప్లాస్టిక్ చెవి ఫట్టుమంటుంది.

కొత్త సీల్ డబ్బా ఆయిల్ పోసి, స్క్రూడ్రైవర్ పిడితో పైపుని తట్టుతూ ఉండండి. చిన్న చిన్న బుడగలు పైకి తేలతాయి, అవి ఆగేదాకా ఓపిక పట్టాలి. తర్వాత పైపుల్లో మిగిలిన గాలి తీయాలి. చక్రం దగ్గర అందుకోసమే ఉన్న చిన్న మరకి, అదే నిప్పిల్‌కి, సన్నటి తెల్ల ట్యూబు తగిలించి, రెండో కొస కొద్దిగా ఆయిలున్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఒకరు నిప్పిల్ వదులు చేసి మళ్లీ బిగించాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. వరస తప్పితే గాలి లోపలికి పోతుంది. మీరిద్దరూ పోట్లాడుకోకుండా చేయాల్సిన పని ఇదొక్కటే. మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. పెడల్ గట్టిపడ్డాక మట్టం పై గీతకి మించకుండా చూసుకుని, రబ్బరు మడతలు లోపలికి సర్ది మూత పెట్టండి.

మీ బండికి రెండు చక్రాలకీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉందనుకుంటాను. డబ్బా ఖాళీ అయ్యాక ఎవరైనా పెడల్ నొక్కి ఉంటే ఆ గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి పోయి ఉండొచ్చు. దాన్ని తీయడానికి సర్వీస్ సెంటర్‌లో మిషన్ పెట్టాల్సి రావచ్చు. నొక్కారా లేదా అన్నది దాచకుండా చెప్పండి, నేనేమీ అనను.

పాత పైపు పారేయొద్దు, షాపులో కొలతకి చూపించాలి. ఆదివారం పొద్దున వీడియో కాల్ చేయండి. నేను చూశాకే బండి రోడ్డెక్కాలి.

ఇట్లు,
మీ పెదనాన్న