పని ప్రమాద పరిహారం: అపోహలు – వాస్తవాలు

కార్మికుల తరఫున పరిహార కేసులు వాదించే న్యాయవాదిగా తరచూ వినే మాటలు కొన్నింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చినప్పటికీ, అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే ఆధారం కనుక, కింద చెప్పే సెక్షన్లన్నీ ఆ చట్టంలోనివే.

అపోహ: యజమాని ఎంతో కొంత ముట్టజెప్పి స్టాంపు పేపరు మీద సంతకం తీసుకుంటే ఇక కేసు ఉండదు.

వాస్తవం: కార్మికుడు మరణించినప్పుడు పరిహారాన్ని ఈ కేసులు విచారించే కమిషనర్ వద్ద జమ చేయాలని 8వ సెక్షను చెబుతుంది. మూడు నెలల వేతనానికి మించని అడ్వాన్సు మినహా, కుటుంబం చేతికి నేరుగా ఇచ్చిన సొమ్ము పరిహారం కింద లెక్కకు రాదు. హక్కు వదులుకుంటున్నామని రాసిన ఒప్పందం 17వ సెక్షను ప్రకారం చెల్లదు. దహన సంస్కారాలు ముగియకముందే మేస్త్రీ, పెద్దమనుషులు కూర్చుని లక్షో రెండు లక్షలో తేల్చేసే పంచాయితీలో ఎవరూ వేయని లెక్క ఒకటుంది. 30 ఏళ్లు నిండిన కార్మికుడి వేతనం నెలకు 15,000 రూపాయలైతే (2020 జనవరి 3 నుంచి లెక్కకు తీసుకొనే గరిష్ఠ వేతనం ఇదే), అందులో సగాన్ని ఆ వయసుకు నిర్దేశించిన 207.98తో హెచ్చవేయాలి. వచ్చేది 15,59,850 రూపాయలు.

అపోహ: డాక్టరు ఎంత శాతం వైకల్యం రాస్తే పరిహారమూ అంతే.

వాస్తవం: చూడవలసింది సంపాదన శక్తి ఎంత పోయిందన్నది. సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ కిందపడిన ఒక వడ్రంగికి ఎడమ చేయి మోచేతి పైభాగంలో తీసేయవలసి వచ్చిన కేసులో, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కనుక అతనిది సంపూర్ణ వైకల్యమేనని సుప్రీంకోర్టు 1975లోనే ఆమోదించింది. అయినా నేటికీ చాలా కేసుల్లో సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకుంటున్నారు. మడమ విరిగిన సెంట్రింగ్ కార్మికుడు మళ్లీ పరంజా ఎక్కగలడా, బరువు మోయగలడా అని డాక్టరును సాక్షిగా పిలిపించి అడిగించకపోతే, ఆ కాగితం మీది అంకె దగ్గరే కేసు ఆగిపోతుంది.

అపోహ: తప్పు కార్మికుడిదైతే, ముఖ్యంగా తాగి ఉంటే, ఏమీ రాదు.

వాస్తవం: కేవలం అజాగ్రత్త వల్ల హక్కు పోదు. మద్యం మత్తు, భద్రతా నియమాల ఉద్దేశపూర్వక ఉల్లంఘన వంటి వాదనలు కూడా మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం సంభవించిన కేసుల్లో యజమానికి పనికిరావు. బీమా కంపెనీలు కేసులో దాఖలు చేసే జవాబుల్లో (కౌంటర్లలో) మాత్రం ఈ వాదన తప్పకుండా కనిపిస్తుంది.

అపోహ: కాంట్రాక్టరు మనిషికి కంపెనీతో సంబంధం లేదు.

వాస్తవం: ఆ పని కంపెనీ వ్యాపారంలో మామూలుగా భాగమైతే 12వ సెక్షను కింద కంపెనీనే అడగవచ్చు, చెల్లించాక కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవడం కంపెనీ పని. కార్మికుడు ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉంటే మాత్రం దారి వేరు: ప్రయోజనాలు ఈఎస్‌ఐ నుంచే వస్తాయి, ఈ చట్టం కింద విడిగా అడగడానికి వీల్లేదు.

అపోహ: యజమాని హైకోర్టుకు వెళ్తే డబ్బు ఏళ్ల తరబడి రాదు.

వాస్తవం: అప్పీలుకు గణనీయమైన న్యాయపరమైన ప్రశ్న ఉండాలి, పైగా యజమాని తీర్పు సొమ్మును ముందుగా కమిషనర్ వద్ద జమ చేసి, ఆ ధ్రువపత్రాన్ని అప్పీలుకు జతపరచాలి. గడువులోగా చెల్లించని సొమ్ముపై ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది, ఆలస్యానికి తగిన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా కూడా విధించవచ్చు. ఈ రెండింటినీ దరఖాస్తులోనే స్పష్టంగా కోరాలి.