ఫారం కోడి, హార్మోన్, కేన్సర్: 1984 దాకా వెళ్లాల్సిన కథ

ఫారం కోడి మెడకు సూది వేస్తున్న వీడియో మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. కింద ఎప్పుడూ ఉండే రాతే: నలభై రోజులకే రెండు కేజీలు తూగుతోందంటే హార్మోన్ ఇంజెక్షనే కారణం, తింటే మనకు కేన్సర్. గోదావరి జిల్లాల్లో ఈ మాట ఊరికే పోదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో బర్డ్ ఫ్లూ బయటపడి చికెన్ కొట్లు వెలవెలబోయాయి. మార్చిలో బిక్కవోలు మండలం బలభద్రపురంలో కేన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయని అసెంబ్లీలో ప్రస్తావన వచ్చి, ఊళ్లో ఇంటింటి సర్వే చేశారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ పక్కపక్క జిల్లాలు, పక్కపక్క నెలలు. కోడినీ కేన్సర్‌నూ ఒకే మూటలో కట్టడానికి అంత చాలు.

ఇవాళ్టి గొడవకు తాళంచెవి 1984లో ఉంది. విచిత్రంగా అక్కడా కోడే ఉంది.

ఆ ఏడాది లండన్‌లోని ఇంపీరియల్ కేన్సర్ రీసెర్చ్ ఫండ్ ప్రయోగశాలలో మైకేల్ వాటర్‌ఫీల్డ్ బృందం ఈజీఎఫ్ రిసెప్టర్ అనే ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల వరుస చదువుతోంది. ఈజీఎఫ్ అంటే కణాన్ని విభజించమని పురమాయించే పెరుగుదల కారకం. 1962లో స్టాన్లీ కోహెన్ దాన్ని ఎలుక కూనలకు ఎక్కిస్తే వాటి కళ్లు ముందుగానే తెరుచుకున్నాయి. దాన్ని అందుకోవడానికి కణం ఒంటి మీద ఉండేదే రిసెప్టర్. చదివిన వరుసను అప్పటికి తెలిసిన ప్రోటీన్లతో పోల్చి చూస్తే ఒకదానితో దగ్గరగా సరిపోయింది. అది కోళ్లకు రక్త కేన్సర్ తెచ్చే వైరస్‌లోని ఎర్బ్-బి జన్యువు తయారు చేసే ప్రోటీన్.

అంటే వైరస్ ఎప్పుడో కోడి కణం నుంచే ఆ రిసెప్టర్ జన్యువును ఎత్తుకుపోయింది, అదీ సగం విరిచి. కబురు అందుకునే బయటి భాగం అందులో లేదు. కాలువ మీద లస్కరు పైనుంచి కబురొస్తేనే తూము తలుపు ఎత్తుతాడు, వంతు అయ్యాక దించుతాడు. తలుపే విరిగిపోతే కబురూ అక్కర్లేదు, లస్కరూ అక్కర్లేదు, రాత్రీ పగలూ నీళ్లు పారుతూనే ఉంటాయి. ఈజీఎఫ్ చుక్క లేకుండానే ఆ రిసెప్టర్ కణాన్ని విభజించమని తరుముతూ ఉంటుంది. ఆ వైరస్ కోళ్లదే, మనిషికి అంటేది కాదు. అది నేర్పిన పాఠం మాత్రం మనిషికి పనికొచ్చింది.

రెండేళ్లకు అదే వైరస్‌లోని ఇంకో జన్యువు, ఎర్బ్-ఎ, థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ నుంచి వచ్చిందని తేలింది. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్‌ను అందుకునే రిసెప్టర్ కూడా దాని చుట్టమే. పెరుగుదల కారకాల దారి, హార్మోన్ల దారి రెండూ ఒకే కోడి వైరస్‌లో కనిపించాయి. 1966 వైద్య నోబెల్‌లో సగం కోడి కంతిలో వైరస్ కనిపెట్టిన పేటన్ రౌస్‌కు, సగం హార్మోన్ల దారిలో ప్రోస్టేట్ కేన్సర్‌కు చికిత్స చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు ఈ చుట్టరికం అప్పటికి తెలియదు.

ఇక్కడి నుంచి ఆసుపత్రి రిపోర్టుకు రావాలి. రొమ్ములో గడ్డ తీసి ముక్క పరీక్షకు పంపితే కాగితం మీద మూడు వరుసలొస్తాయి: ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్), పీఆర్ (ప్రొజెస్టరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్ రిసెప్టర్), హెర్2. ఈఆర్ పాజిటివ్ అని ఉంటే ఇంట్లో వాళ్లు ఒంట్లో హార్మోన్ దొరికిందనుకుంటారు, వీడియో గుర్తొస్తుంది. ఆ పరీక్ష హార్మోన్‌ను కొలవదు. గడ్డలోని కణాలకు ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉందా లేదా చూస్తుంది. ఉంటే ఒకరకంగా మేలే, ఆ రిసెప్టర్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర పనిచేస్తుంది. 1962లో గర్భనిరోధకం కోసం తయారు చేసి, అందుకు పనికిరాక పక్కన పడేసిన మందు అది. 1973లో బ్రిటన్‌లో రొమ్ము కేన్సర్‌కు అనుమతి వచ్చింది. హెర్2 కూడా రిసెప్టరే, ఎర్బ్-బికి తోబుట్టువు. 1987లో డెన్నిస్ స్లామన్ బృందం 189 గడ్డలు పరీక్షించి, 30 శాతంలో ఈ జన్యువు ప్రతులు లెక్కకు మించి ఉన్నాయని, అవి త్వరగా తిరగబెడుతున్నాయని చూపింది. దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చింది. మూడూ నెగెటివ్ వచ్చే కేసులు మన దేశంలో దాదాపు మూడో వంతు. వాటిలో ఈ మందులు పట్టుకునే చోటే ఉండదు.

మరి కోడి అంత త్వరగా ఎలా పెరుగుతోంది? కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 1957 నాటి జాతిని, 1978 నాటిదాన్ని, 2005 నాటిదాన్ని పక్కపక్కన పెట్టి ఒకే మేత వేసి పెంచారు. 56వ రోజు తూకం: 905 గ్రాములు, 1,808 గ్రాములు, 4,202 గ్రాములు. మేత ఒకటే, తేడా అంతా జాతిదే. అనపర్తి వైపు కోళ్ల రైతు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఒక షెడ్డులో ఐదు వేల కోళ్లుంటే రోజూ ఒక్కోదాన్ని పట్టుకుని సూది వేయడానికి కూలి ఎవరిస్తారు? పిల్ల దశలో వేసేవి కొక్కెర తెగులు, గంబోరో టీకాలు, అవీ ఎక్కువగా కంటి చుక్కలు, తాగే నీళ్లు. నీళ్లలో పాలపొడి కలపడం చూసి అనుమానపడేవాళ్లూ ఉన్నారు. క్లోరిన్ వల్ల టీకా చావకుండా కలుపుతారది. పైగా గ్రోత్ హార్మోన్ ప్రోటీన్. వండితే చెడుతుంది, మింగితే అరిగిపోతుంది. ఇన్సులిన్‌ను మాత్రగా మింగకుండా సూదిలో తీసుకునేది అందుకే.

డెల్టాలో హార్మోన్ ఇంజెక్షన్ నిజంగా వేసేది తల్లి చేపలకి. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ అనే హార్మోన్ గ్రంథి సారం ఎక్కించి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించిన నాటి నుంచి చేపపిల్లల హేచరీలు నడిచేది ఆ సూది మీదే. అది గుడ్లు పెట్టించడానికి, ఒళ్లు పెంచడానికి కాదు. దాని మీద వీడియో ఎవరూ తీయలేదు.

అనుమానం గాల్లోంచి పుట్టలేదన్నదీ నిజమే. అమెరికాలో ఒకప్పుడు కోళ్ల మెడలో డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్ గుళికలు పెట్టేవారు, 1959లో ఆపించారు. గర్భిణులకు మందుగా ఇచ్చిన అదే డీఈఎస్ వల్ల వాళ్ల ఆడపిల్లలకు అరుదైన యోని కేన్సర్ వస్తోందని 1971లో బయటపడింది. డీఈఎస్ గ్రోత్ హార్మోన్‌లా ప్రోటీన్ కాదు కనుక మింగినా పనిచేస్తుంది.

ఇవాళ ఈస్ట్రోజన్ అదనంగా వచ్చే దారులు వేరే ఉన్నాయి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ల ఒంట్లో దాన్ని ప్రధానంగా తయారు చేసేది కొవ్వు. అందులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ ఆ పని చేస్తుంది. పొట్ట పెరిగిన కొద్దీ ఇన్సులిన్ కూడా పెరుగుతుంది, అదీ కణాలను పెరగమనే పురమాయిస్తుంది. 2016లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అధిక కొవ్వుతో ముడిపడినవిగా 13 రకాల కేన్సర్లను లెక్క తేల్చింది. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ లాంటి మందు) కలిపి ఇచ్చిన పెద్ద అమెరికా అధ్యయనాన్ని రొమ్ము కేన్సర్ పెరుగుతోందని 2002లో మధ్యలోనే ఆపేశారు. పెళ్లికో వ్రతానికో నెలసరి వెనక్కి జరపడానికి చీటీ లేకుండా కొనే మాత్ర కూడా హార్మోనే. నాలుగు రోజులు వాడితే కేన్సర్ వస్తుందని కాదు. ఆ మాత్రను ప్రశ్నించని ఇల్లు కోడికూరనే ఎందుకు అనుమానిస్తుందో అర్థం కాదు.

ఫారం కోడి గురించి గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అది యాంటీబయాటిక్‌లది. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ను మేతలో కలపకుండా కేంద్రం 2019లో నిషేధించింది. ఆ నిషేధం షెడ్డు దాకా చేరిందా అని అడిగేవాళ్లు తక్కువ. ఈలోగా వీడియో ఆపిస్తున్నది గుడ్డును. కీమో నడుస్తున్న మనిషికి ప్రోటీన్ కావాలని, రోజూ గుడ్డు పెట్టమని డాక్టర్లు చెబుతుంటే, ఇళ్లల్లో ముందు మానిపిస్తున్నది దాన్నే.