ఖాళీ చేసిన కుర్చీలు, ఖాళీ చేసిన ఊరు: చీరాల–పేరాల నుంచి నేటి పంచాయతీ వాదం దాకా

2021 ఫిబ్రవరిలో ఎన్నికైన గ్రామ పంచాయతీల ఐదేళ్ల గడువు తీరే వేళకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రాజ్యాధికారాన్నే ప్రశ్నించే ఆలోచనాపరుల మధ్య ఒక పాత వాదం మళ్ళీ రాజుకుంది. మనిషి మీద మనిషి పెత్తనం లేని సమాజాన్ని కోరుకునే అరాజకవాదులు సర్పంచ్, వార్డు పదవులకు నిలబడవచ్చునా అన్నది ఆ వాదం. ఊరి నీళ్లు, వీధి దీపాలు, గ్రామకంఠం భూములు ఎవరి చేతిలో ఉండాలో తేలే చోటికి వెళ్లకుండా స్వేచ్ఛ గురించి మాట్లాడటంలో అర్థం లేదని ఒక పక్షం అంటుంది. పదవి పట్టినవాడు ఎంత మంచివాడైనా చివరకు రాజ్యానికి చేతికర్రే అవుతాడని, కులాన్నీ కర్మకాండనూ భయాన్నీ తన బతుకులోంచి తీసివేసుకున్న వ్యక్తే నిజంగా ముందడుగు వేసినవాడని రెండో పక్షం అంటుంది.

ఈ వాదానికి ఐరోపాలో ఉన్న పూర్వచరిత్ర చాలామందికి తెలిసినదే. 1848లో ఫ్రెంచి అరాజకవాది ప్రూధోన్ అక్కడి జాతీయ శాసనసభకు ఎన్నిక కావడం, 1872లో అంతర్జాతీయ కార్మిక సంఘపు హేగ్ మహాసభ రష్యా అరాజకవాది బకూనిన్‌ను బహిష్కరించడం మొదలైనవి ప్రతి చర్చలోనూ వినిపిస్తూనే ఉంటాయి. వాటిని మళ్ళీ చెప్పుకోవలసిన పని లేదు. మన ప్రాంతంలో ఈ ప్రశ్న పుస్తకంలోంచి కాక పన్ను రశీదులోంచి పుట్టింది. అది పుట్టిన చోటు చీరాల.

అప్పట్లో గుంటూరు జిల్లాలోనూ, 1970 నుంచి ప్రకాశం జిల్లాలోనూ, 2022 తర్వాత బాపట్ల జిల్లాలోనూ ఉన్న చీరాల, పేరాలలు మగ్గం మీద బతికిన జంట గ్రామాలు. 1919–20లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండింటినీ కలిపి పురపాలక సంఘంగా మార్చింది. ఏడాదికి సుమారు 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను భారం దాంతో 40 వేలకు చేరింది. తమకు పురపాలక సంఘం వద్దని ప్రజలు విన్నపాలు పంపారు, ఫలితం లేకపోయింది. సంఘ సభ్యులు రాజీనామా చేశారు, అయినా ఫలితం లేకపోయింది. కుర్చీలు ఖాళీ అయినంత మాత్రాన పన్ను వసూలు ఆగలేదన్న విషయాన్ని ఎన్నికలకు దూరంగా ఉండాలనే పక్షం ఎందుకో తగినంతగా పట్టించుకోదు. సభ్యుల రాజీనామా వారి అంతరాత్మను శుద్ధి చేసిందేమో కాని, మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడి మీద పడిన పన్నులో ఒక్క అణా కూడా తగ్గించలేదు.

అప్పటికి దేశ రాజకీయాల్లో మరో సంగతి జరిగిపోయింది. సహాయ నిరాకరణ కార్యక్రమంలో భాగంగా కాంగ్రెస్ 1920 నవంబరు శాసనసభ ఎన్నికలను బహిష్కరించింది. ఆ బహిష్కరణతో మద్రాసు రాష్ట్రంలో జస్టిస్ పార్టీ అధికారంలోకి వచ్చింది. ద్వంద్వ పాలనలో స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రులకు అప్పగించిన శాఖ, దానిని చేపట్టినవారు పానగల్ రాజా. ఆయనే 1921 జులైలో మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) అయ్యారు. అంటే చీరాల ప్రజల మొర వినవలసిన కుర్చీలో కూర్చున్నది ఇంగ్లండు నుంచి వచ్చిన దొర కాదు, ఎన్నికల మార్గాన వచ్చిన తెలుగు మంత్రి. చీరాల ఉద్యమానికి అండగా నిలిచిన కాంగ్రెస్ ఆ ఎన్నికల్లో పోటీయే చేయలేదు కనుక, శాసనసభలో వారి తరఫున గట్టిగా నిలబడే పక్షం లేకుండా పోయింది. నేటి తగాదాలోని బలాబలాలన్నీ ఈ ఒక్క ఘట్టంలోనే ఇమిడి ఉన్నాయని నా అభిప్రాయం.

1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘ సమావేశం ముగిసిన తర్వాత, ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలోని ప్రజల ముందు ఆయన రెండు దారులు ఉంచారు. ఊళ్లోనే ఉండి పన్ను కట్టకుండా జైళ్లకు వెళ్లడం మొదటిది. పురపాలక సంఘం హద్దు దాటి ఊరినే ఖాళీ చేసి వెళ్లిపోవడం రెండవది. మొదటి దారికి ఒక్కొక్క మనిషి గుండె ధైర్యమే పెట్టుబడి. ఆ ధైర్యం చీరాలలో లేకపోలేదు: పన్ను కట్టనన్నందుకు జైలుకు వెళ్లినవారిలో రావూరి అలమేలమ్మ అనే మహిళ కూడా ఉన్నారు. ఆమె ఏ పదవినీ ఆశించలేదు, ఏ ఓటూ వేయలేదు. తన సొంత నిర్ణయంతో రాజ్యాన్ని కాదన్నారు. వ్యక్తి స్వేచ్ఛను ముందు పెట్టేవారు తమ ఉదాహరణల కోసం దూరదేశాలకు వెళ్లనక్కరలేదు, ఆమె పేరు చెబితే చాలు.

ప్రజలు మాత్రం రెండవ దారిని ఎంచుకున్నారు. పదిహేను వేల పైచిలుకు జనాభాలో అత్యధికులు ఇళ్లు వదలి, హద్దుకు అవతల పాకలు వేసుకుని, ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ అక్కడే గడిపారు. రామదండు అనే స్వచ్ఛంద దళం కాపలా, సేవ చూసుకుంది. తగవులు తీర్చేందుకు సొంత పంచాయతీ న్యాయస్థానం, వ్యవహారాలు నడిపేందుకు వేర్వేరు కులాల ప్రతినిధులతో సొంత సభ ఏర్పడ్డాయి. పన్ను వద్దని వెళ్లినవారు పాలన వద్దనుకోలేదని దీనివల్ల తెలుస్తుంది. రాజ్యం ఇచ్చిన కుర్చీని కాదని, తమ కుర్చీ తామే వేసుకున్నారు. ప్రతినిధులను పంపడం, సభలో వాదించుకోవడం, తీర్పుకు కట్టుబడటం రాజకీయ భాగస్వామ్యం కాకపోతే మరేమిటి? రామనగర్‌ను రాజకీయాలకు దూరంగా జరిగిన ప్రయోగంగా చెప్పుకునేవారు ఈ సభ సంగతిని వదిలేసి చెబుతున్నారు.

ఆ ఊరు ఎందుకు నిలవలేదన్నదానికి రెండు పక్షాలూ రెండు కారణాలు చెబుతాయి. గోపాలకృష్ణయ్య 1921లోనే బరంపురంలో ప్రసంగ నిషేధాన్ని ధిక్కరించి అరెస్టయి, ఏడాది శిక్ష మీద తిరుచిరాపల్లి జైలుకు వెళ్లారు. నాయకుడు లేక ఉద్యమం నీరుగారిందని, ఒక్క మనిషి మీద ఆధారపడితే జరిగేది ఇదేనని ఎన్నికల విముఖులు అంటారు. అందులో నిజం ఉంది. కాని నూలు, సంత, అప్పు అన్నీ హద్దుకు ఇవతలే ఉండగా పాకలు మాత్రం అవతల వేసుకున్న నేతకుటుంబం ఎంతకాలం ఓర్చుకోగలదన్న ప్రశ్నను కూడా వేయాలి. వారు రాజ్యం పరిధి నుంచి బయటికి రాగలిగారు గాని బతుకుతెరువును వెంట తెచ్చుకోలేకపోయారు. 1922లో జనం తిరిగి ఇళ్లకు చేరారు, పురపాలక సంఘం అలాగే ఉండిపోయింది. నేటికీ చీరాల పురపాలక పట్టణమే.

వ్యక్తి సాధనకు పెద్దపీట వేసే ధోరణికి మన గడ్డ మీద ఇంకొక మూలం ఉంది, అది చీరాలకు మరునాటిదే. 1921 ఏప్రిల్ 7న గాంధీ నెల్లూరు సమీపంలో, పెన్న ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దానికి పూనుకున్నవారు. భూమి ఇచ్చినవారు పొణకా కనకమ్మ. బతుకును మార్చుకోవడమే పోరాటమన్న నమ్మకం ఆ ఆశ్రమానిది. కనకమ్మ అక్కడితో ఆగకుండా 1923లో నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించారు, తర్వాత శాసనోల్లంఘనలో జైలుకూ వెళ్లారు. ఆమె స్వేచ్ఛ ఆమె ఇంటి గడప దగ్గర ఆగలేదు కనుకనే అది ఇతర స్త్రీలకు బడి అయింది.

చీరాలలో తలెత్తిన చిక్కే పదిహేనేళ్లకు స్పెయిన్‌లో మరింత పెద్దగా ఎదురైంది కనుక, దూరమైనా ఆ సంగతిని ఇక్కడ తలచుకోక తప్పదు. అక్కడి అరాజకవాద కార్మిక సమాఖ్య సీఎన్‌టీ 1933 ఎన్నికల్లో ఓటు వేయవద్దని ప్రచారం చేసింది, మితవాద పక్షాలు గెలిచాయి. 1936 ఫిబ్రవరిలో ఆ ప్రచారాన్ని సడలించింది, వామపక్షాల ప్రజా కూటమి గెలిచి వేలాది రాజకీయ ఖైదీలు విడుదలయ్యారు. అదే ఏడాది నవంబరులో, అంతర్యుద్ధం మధ్య, నలుగురు అరాజకవాదులు ఏకంగా మంత్రులయ్యారు. వారిలో ఆరోగ్య శాఖ చేపట్టిన ఫెదెరికా మొంత్సేనీ, న్యాయ శాఖ చేపట్టిన గార్సియా ఒలివేర్ ముఖ్యులు. 1937 మేలో బార్సిలోనా వీధుల్లో తమ కార్యకర్తల మీదే కాల్పులు జరుగుతుంటే తుపాకులు దించమని రేడియోలో వేడుకోవలసిన స్థితి ఆ మంత్రులకు వచ్చింది. ఆ నెలలోనే వారు ప్రభుత్వం నుంచి బయటపడ్డారు. మంత్రి పదవి వేరు, ఓటు వేరు, ఊరి సభ వేరు. మూడింటినీ ఒకే గాట కట్టి ఒప్పో తప్పో చెప్పమనడం వల్లనే మన చర్చ ముందుకు సాగడం లేదు.

ఈ తేడాను అర్థం చేసుకున్నవారు మన ప్రాంతంలోనే ఉండేవారు. మానవవాద తాత్వికుడు ఎం.ఎన్. రాయ్ తన రాడికల్ డెమొక్రాటిక్ పార్టీని 1948 డిసెంబరులో కలకత్తాలో రద్దు చేసి, పార్టీలు ప్రజల అధికారాన్ని తామే మింగేస్తాయని, స్థానిక ప్రజా కమిటీలే ప్రజాస్వామ్యానికి పునాది కావాలని ప్రతిపాదించారు. ఆయన అరాజకవాది కారు, అయినా ఈ ప్రతిపాదన ఆ దారికి చాలా దగ్గరిది. ఆ భావాలను తెలుగులో నిలబెట్టినవారిలో ప్రముఖులైన రావిపూడి వెంకటాద్రి, ఇంకొల్లు దగ్గరి తన నాగండ్లలో 1943లో కవిరాజాశ్రమాన్ని స్థాపించి, హేతువాద పత్రికను నడిపి, దేవుణ్ణీ కులాన్నీ పార్టీనీ కాదంటూనే అదే ఊరికి దశాబ్దాల పాటు సర్పంచ్‌గా పనిచేశారు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. ఎన్నుకున్నవారి ఇంటి ముందునుంచే సర్పంచ్ రోజూ నడవాలి. 2023లో నూరేళ్లు దాటిన వయసులో కన్నుమూసిన ఆయన జీవితంలో వ్యక్తి స్వేచ్ఛా, ఊరి పదవీ ఒకదాన్నొకటి రద్దు చేసుకోలేదు. నాస్తికుడని తెలిసి కూడా జనం ఆయనను మళ్ళీ మళ్ళీ ఎన్నుకున్నారంటే, పదవి ఆయన భావాలను మింగలేదనే అనుకోవాలి.

ఎన్నికల విముఖులు ఇందుకు జవాబుగా దూబగుంట పేరు ఎత్తుతారు. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమపు రాత్రిబడుల్లో కూర్చున్న ఆడవాళ్లు, కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ తదితరుల చొరవతో సారా దుకాణాన్ని మూయించారు. 1992లో జిల్లా కేంద్రంలో సారా వేలం పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడేలా అడ్డం తిరిగారు. ఏ పార్టీ టికెట్టూ లేకుండానే 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధింపజేశారు. తర్వాత ఆ కోరిక ఎన్నికల వాగ్దానమైంది: 1994 డిసెంబరులో ఎన్‌టీ రామారావు ప్రమాణ స్వీకార వేదిక మీదే మద్య నిషేధం దస్త్రం మీద సంతకం చేశారు, 1995 జనవరి నుంచి నిషేధం అమలైంది, 1997లో సడలిపోయింది. ఆడవాళ్లు వీధిలో గెలిచినదాన్ని శాసనసభలో పోగొట్టుకున్నారని ఈ పక్షం అంటుంది. జరిగినది అదే, కాని ఇది వ్యక్తి స్వేచ్ఛ గెలుపు అనడం మాత్రం కుదరదు. సారా దుకాణం ముందు ఒంటరిగా నిలబడిన స్త్రీని కాంట్రాక్టరు మనుషులు పక్కకు తోసేసేవారు. వందమంది చీపుళ్లు పట్టుకుని వస్తే పారిపోయారు. ఆ వందమందిలో ఒక్కరు కూడా శాసనసభకు వెళ్లకపోవడమే, 1997లో సడలింపు మాట వచ్చినప్పుడు అడ్డుపడే గొంతు లోపల లేకపోవడానికి కారణమేమో వారు ఆలోచించాలి.

ఇప్పుడు వాదం ఏకగ్రీవాల దగ్గరికి వచ్చింది. ఓటింగు అంటే ఎక్కువమంది తక్కువమంది మీద చేసే పెత్తనమని, అందరూ ఒప్పుకుని ఎన్నుకునే ఏకగ్రీవమే మేలని ఎన్నికల విముఖుల్లో కొందరు అంటున్నారు. 2021లో ప్రభుత్వం ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఊరి పెద్దలు రచ్చబండ మీద కూర్చుని పదవికి వేలం పాడి, ఎక్కువ పాడినవారికి కట్టబెట్టి, మిగతావారి చేత నామినేషన్లు ఉపసంహరింపజేయడం అన్ని జిల్లాల్లోనూ తెలిసిన తంతే. అరాజకవాదులు కోరే సమ్మతిలో చివరి మనిషి అభ్యంతరం తీరేదాకా చర్చ సాగాలి. ఇక్కడ ఆ చివరి మనిషి నోరు తెరవడానికే భయపడతాడు, ఎక్కువగా అతను దళితవాడకో యానాది కాలనీకో చెందినవాడై ఉంటాడు. పోటీ ఉంటేనే, గుట్టుగా వేసే ఓటు ఉంటేనే, ఆ మనిషి తన మాట చెప్పగలుగుతున్నాడు.

పోటీ చేద్దామనే పక్షం కూడా ఒక ప్రశ్నకు ఇంతవరకు తేల్చి చెప్పలేదు. మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సర్పంచ్‌ను తొలగించే అధికారం జిల్లా కలెక్టరుకు ఉంది, ఎన్నుకున్న ఓటర్లకు మాత్రం ఐదేళ్లు పూర్తికాకముందు వెనక్కి పిలిచే హక్కు లేదు. రామనగర్ సభ నుంచి ఇక్కడికి వచ్చేసరికి తారుమారైన అసలు సంగతి ఇదే. నామినేషన్ వేయబోయే అభ్యర్థి, గ్రామసభలో సగానికి పైగా కోరితే తానే రాజీనామా చేస్తానని ముందుగా ఊరందరి ఎదుట రాసి ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఆ పత్రం మీద సంతకం చేయడానికి ఎందరు సిద్ధంగా ఉన్నారో నామినేషన్ల గడువుకు ముందే ఆ పక్షం ప్రకటించాలి.