గ్రూపులో ఉన్నారు సరే, ఏ హోదాలో?

కోనసీమలో ఒక నీటి సంఘానికి యాప్ తయారుచేస్తున్న కుర్రాడు అడిగాడు: "రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఉన్నాయండి. అందర్నీ ఒక గ్రూపులో వేసేస్తే సరిపోదా? ఈ ఆంటాలజీ ఎందుకు?"

సరిపోదు. ఈ నంబరు లోపలుందా, బయటుందా అన్నంతవరకే గ్రూపుకు తెలుసు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో తూము ఎప్పుడు దించుతారన్న కబురు కాలువ చివరనున్న శివారు రైతుకు ముందు చేరాలి. ఎవరిది శివారు పొలమో, కాలువ మీద నీళ్లు చూసుకునే లష్కర్ ఎవరో, ఏ ఇంజనీరు ఎప్పుడో బదిలీ అయిపోయాడో గ్రూపు చెప్పలేదు.

ఒక రంగంలో ఏమేం ఉన్నాయో, వాటి మధ్య సంబంధాలేమిటో యంత్రం తర్కించగలిగేంత స్పష్టంగా రాసిపెట్టడమే ఆంటాలజీ. పాఠాల్లో దీన్ని తరచూ "కుక్క క్షీరదం, క్షీరదం జంతువు" అంటూ మొదలుపెడతారు. పిల్లల ఆసక్తి అక్కడే చచ్చిపోతుంది. మనుషుల సంఘాలతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఇలాంటి సమాచారాన్ని యంత్రానికి రాసిపెట్టే ఆర్‌డీఎఫ్ పద్ధతిలో ప్రతి సమాచారానికీ మూడే ముక్కలు: ఈ రైతు, సభ్యుడు, ఫలానా సంఘంలో. నడిమి ముక్క మిగతా రెండింటినీ కలిపే గీత. బాగానే ఉంది. మరి ఎప్పటినుంచి? ఏ హోదాలో? ఆ "సభ్యుడు" అన్న గీతకు తేదీ తగిలించే చోటు లేదు. 2014లో వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన ఆర్గనైజేషన్ ఆంటాలజీ దీనికి చక్కటి దారి చూపింది. సభ్యత్వాన్నే ఒక వస్తువుగా నిలబెట్టింది. దాన్నుంచి నాలుగు గీతలు: ఎవరు, ఏ సంఘం, ఏ పాత్ర, ఏ కాలం. అధ్యక్షుడు దిగిపోతే ఏదీ చెరపక్కర్లేదు, కాలానికి ముగింపు తేదీ రాస్తే చాలు. పోయిన దాళ్వాలో తీర్మానం చేసినప్పుడు అధ్యక్షుడెవరంటే జవాబు దొరుకుతుంది. అదే మనిషి సహకార సంఘంలోనూ ఉంటే ఇంకో సభ్యత్వం, దానికి వేరే నాలుగు గీతలు. పోస్టు కూడా మనిషి నుంచి విడిగా ఉంటుంది. లష్కర్ పోస్టు ఖాళీ అయినా ఆ పోస్టు ఎవరి కింద పనిచేస్తుందో రాసే ఉంటుంది కాబట్టి, కబురు పైవాళ్లకు వెళ్లేలా యాప్‌లో నియమం పెట్టుకోవచ్చు.

ఇక తర్కం. అమ్మ ఎవరో, అమ్మ తమ్ముడెవరో తెలిస్తే మేనమామ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆంటాలజీలు రాసే భాష ఓడబ్ల్యూఎల్. 2009లో వచ్చిన ఓడబ్ల్యూఎల్ 2లో ఇలా గీతలు గొలుసుకట్టి కొత్త గీత పుట్టించవచ్చు. నీటి సంఘాలపై ఆంధ్రప్రదేశ్ చేసిన 1997 చట్టం ప్రకారం నీటి సంఘాల అధ్యక్షులే పైనున్న డిస్ట్రిబ్యూటరీ కమిటీ సభ్యులు. గొలుసు ఒకసారి రాస్తే ఆ జాబితా దానంతటదే వస్తుంది. అయితే "ఇప్పుడు" అంటే ఏమిటో ఓడబ్ల్యూఎల్‌కు తెలియదు. అమల్లో ఉన్న సభ్యత్వాలను ముందు క్వెరీతో, అంటే డేటాను అడిగే ప్రశ్నతో, ఏరి, తర్వాతే తర్కానికి వదలాలి.

నన్ను బాగా ఆకట్టుకున్న విచిత్రం ఇంకొకటి. "సంఘానికి అధ్యక్షుడు ఒక్కడే" అని నియమం రాసి, పొరపాటున ఇద్దరి పేర్లు ఎక్కించామనుకోండి. యంత్రం తప్పు పట్టదు, ఆ ఇద్దరూ ఒకే మనిషి అని తేల్చేస్తుంది! వేరు పేర్లుంటే వేరు మనుషులని అది ఊహించదు, మనమే చెప్పాలి. చెప్పని సంగతిని అబద్ధమనీ అనుకోదు. కాబట్టి డేటాలో తప్పులు పట్టడానికి విడిగా షాకిల్ అనే ప్రమాణం 2017లో వచ్చింది. ఆ కుర్రాడికి నేను చెప్పిందీ అదే: ముందు పదవులూ సభ్యత్వాలూ తేదీలతో రాసుకో, షాకిల్‌తో సరిచూసుకో, యాప్ తెరలు తర్వాత గీద్దువుగాని.