‘సారీ’ చెప్పించి పంపేస్తే ఎందుకు చాలదు: కథోలిక బడుల్లో తోటిపిల్లల వేధింపులు

అమెరికాలోని కథోలిక బడుల్లో ఒక పిల్లవాడిని తోటివాళ్లు పనిగట్టుకుని ఏడిపిస్తున్నారని తెలిస్తే తరచూ జరిగే తంతు ఒకటుంది. ఇద్దరినీ ప్రిన్సిపల్ గదికి పిలుస్తారు, ‘సారీ’ చెప్పిస్తారు, చేతులు కలిపిస్తారు. సువార్త క్షమించమంటోంది కదా, ఇంకేం కావాలనుకుంటారు. ఆ మాట ఉన్న మత్తయి 18వ అధ్యాయంలోనే, చిన్నవారిని తప్పుదారి పట్టించేవాడి మెడకు తిరగలి రాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలన్న హెచ్చరిక ముందు వస్తుంది. ఆ భాగం ప్రిన్సిపల్ గదిలో ఎవరికీ గుర్తురాదు.

నివారణ ఆలోచన ఈ సంప్రదాయానికి బయటి నుంచి వచ్చిందేమీ కాదు. తప్పు జరిగాక దండించడం ఒక పద్ధతి, తప్పుకు సందు దొరకకుండా పెద్దలు పిల్లల మధ్యే మెలగడం మరో పద్ధతి అని ఇటలీలో పేద పిల్లలకు బడులు నడిపిన ఫాదర్, పునీత డాన్ బోస్కో 1877లోనే రాశారు. ఆటస్థలంలో కూడా టీచరు ఉండాలి, అదీ కర్ర పట్టుకుని కాదు, ప్రేమగా.

నూరేళ్ల తర్వాత శాస్త్రం దాదాపు అక్కడికే చేరింది. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయుస్ 1970ల నుంచి ఈ సమస్యను పరిశోధించారు. 1982లో ఉత్తర నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నారు. తోటివారి వేధింపులే కారణమన్న ఆవేదనతో 1983లో అక్కడ దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. విరామంలో ఎక్కువమంది టీచర్లు బయట ఉన్న బడుల్లో వేధింపులు తక్కువని ఆయన గమనించారు. బుల్లీయింగ్‌కు ఆయన చెప్పిన గుర్తులు మూడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఇద్దరి బలంలో తేడా ఉండడం. ఆ మూడోదే రాజీ ప్రయత్నాన్ని దెబ్బతీస్తుంది. సమానుల తగాదాకు మధ్యవర్తి పనికొస్తాడు. బలహీనుడిని బలవంతుడి ఎదుట కూర్చోబెడితే, అడిగినదానికల్లా తలూపి బయటికొచ్చాక ఫిర్యాదు చేసినందుకు మళ్లీ దెబ్బ తింటాడు.

ఈలోగా బడులే మారిపోయాయి. 1950లో అమెరికా కథోలిక బడుల సిబ్బందిలో నూటికి తొంభైమంది దాకా సిస్టర్లు, బ్రదర్లు, ఫాదర్లే. ఇప్పుడు ముగ్గురు కూడా లేరు. పాతరోజుల్లో బెత్తం లేదని కాదు. కానీ రోజంతా ఆవరణలోనే ఉండే మనుషులు పోయాక మధ్యాహ్న విరామం చాలాచోట్ల శిక్షణ లేని వాలంటీర్ల పాలైంది.

చట్టం కూడా అన్నిచోట్లా సాయపడలేదు. 1999లో జార్జియాతో మొదలై 2015లో మోంటానాతో అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేసుకున్నాయి గానీ, చాలావాటికి ప్రభుత్వ బడులే పరిధి. మసాచుసెట్స్ 2010 చట్టం మాత్రం ప్రైవేటు బడులను కూడా ప్రణాళిక రాసుకోమంది. చాలాచోట్ల తల్లిదండ్రుల చేతిలో ఉండేది బడి నియమావళి, మేత్రాసన (బిషప్ పాలన కింది ప్రాంతపు) విధానం అంతే. అందుకే ఆ కాగితంలో ఏం రాశారన్నదే కీలకం. 2002లో అమెరికా మేత్రాణులు (బిషప్‌లు) డల్లాస్‌లో ఆమోదించిన బాలల రక్షణ పత్రం ఫాదర్ల లైంగిక అకృత్యాల గురించే అయినా, మేత్రాసనాల్లో రక్షణ శిక్షణకు, ఫిర్యాదు పద్ధతికి దారి వేసింది.

పనికొచ్చే విధానంలో కొన్ని విషయాలు తప్పకుండా ఉంటాయి. ఫిర్యాదు అందిన రోజే రాతలో నమోదు చేయాలి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, చూసినవాళ్లెవరు. బాధిత విద్యార్థితో ముందుగా, విడిగా మాట్లాడాలి. ఫోన్ మెసేజ్‌లు చెరిపేయకముందే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి. రెండు కుటుంబాలకూ చెప్పాలి, ఒకే సమావేశంలో మాత్రం కాదు. కూర్చునే చోటు, బస్సు, విరామం, మరుగుదొడ్డి దారి మార్చాల్సివస్తే ఆ ఇబ్బంది వేధించినవాడిది కావాలి, బాధితుడిది కాదు. వారం తర్వాతా, నెల తర్వాతా మళ్లీ ఒంటరిగా అడగాలి. క్షమాపణ బాధిత విద్యార్థి కోరుకున్నప్పుడే.

చిన్న బడుల్లో ఇది చెప్పినంత తేలిక కాదు. తరగతికి ఒకే సెక్షన్ ఉన్నచోట కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా అవే ముఖాలు. సెక్షన్ మార్చే వీలుండదు. చివరికి దెబ్బతిన్న కుటుంబమే బడి మారుతుంది. వేధింపులు ముదరకముందే పట్టుకోవడం ఇలాంటిచోట మరీ అవసరం.

మరో చిక్కు ఈ బడులకే ప్రత్యేకం. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర తన పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది ఆ ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు, సూచనగానైనా బయటపెట్టకూడదు. బిడ్డ అక్కడ గోడు చెప్పుకుంటే, బయట నమ్మకమైన టీచరుకో కౌన్సెలరుకో చెప్పమని అప్పుడే ప్రోత్సహించడం ఒక్కటే ఆయన చేయగలిగింది. ఆ టీచరు ఎవరో పిల్లలందరికీ ముందే తెలిసేలా పేరు గోడమీద రాసి ఉంచాలి.